కాడి కట్టిన అక్షాలు, విడిగా నడిచే అక్షాలు: సీఎన్‌సీ లేత్ ప్రోగ్రామింగ్‌కు సమగ్ర మార్గదర్శి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే పని ఎక్కువగా లారీలదే. హబ్బులు, బుష్‌లు, కింగ్ పిన్నులు, అప్పుడప్పుడు రొయ్యల చెరువుల ఏరేటర్లకు షాఫ్టులు. ఒక ఉదయం అలాంటి షాఫ్టే బిగించి స్టార్ట్ నొక్కిన కుర్రాడు రెండో సెకనులో ఎమర్జెన్సీ బటన్ మీద చెయ్యి వేశాడు. టూల్ మొన వెళ్లి రివాల్వింగ్ సెంటర్ (షాఫ్టు కొసను ఆనించి పట్టి, దానితోపాటే తిరిగేది) ఒంటికి తగిలింది.

"నిన్న పక్క మిషన్ మీద నలభై షాఫ్టులు తీసిన ప్రోగ్రామే కదా మేస్త్రీ గారూ! ఒక్క అంకె కూడా మార్చలేదు" అన్నాడు.

నిజమే, మార్చలేదు. ప్రోగ్రామ్ రాసింది నేను, తప్పూ నాదే. నిన్నటి మిషన్‌లో జతగా నడిచిన రెండు అక్షాలు (టూల్ కదిలే రెండు దిశలు) ఇవాళ్టి మిషన్‌లో ఎవరి దారిన అవి నడిచాయి. కాడి కట్టిన ఎద్దులు ఒకదాన్ని వదిలి ఒకటి పోలేవు, అందుకే చాలు తిన్నగా వస్తుంది. కాడి దించాక రెండూ ఇంటికే చేరతాయి, కానీ దారిలో ఎవరి చేలో కాలు పెడతాయో చెప్పలేం. సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే లేత్) మీద ప్రతి బ్లాకు, అంటే ప్రోగ్రామ్‌లో ఒక్కో వరుస, రాసేటప్పుడూ నేను వేసుకునే ప్రశ్న అదే: ఇప్పుడు ఏది దేనితో కాడి కట్టి ఉంది, ఎక్కడ దించుతున్నాను?

చదివే ముందు ఒక మాట. కోడ్‌లను ఇక్కడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మిషన్ మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. ఉదాహరణలు ఫానక్ కంట్రోల్ (మిషన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న లేత్‌లలో ఎక్కువగా వాడే 'ఏ' జి-కోడ్ పద్ధతివి. జి కోడ్‌లంటే కదలిక ఎలా ఉండాలో చెప్పే ఆదేశాలు. మరో కంట్రోల్ అయిన సీమెన్స్ సంగతి వచ్చిన చోట పేరు పెట్టి చెబుతాను.

మొదటి మెట్టు: మిషన్‌లో ఎవరెవరు ఉన్నారో లెక్క తీయండి

మామూలు లేత్‌కు రెండు అక్షాలు. స్పిండిల్ (జాబ్‌ను తిప్పే ఇరుసు) పొడవునా నడిచేది జెడ్, దానికి అడ్డంగా నడిచేది ఎక్స్. జాబ్‌ను, అంటే కోయాల్సిన ముక్కను, దవడలతో బిగించే చక్‌కు దూరంగా పోయే వైపు జెడ్ ప్లస్, జాబ్ మధ్య గీత నుంచి దూరంగా పోయే వైపు ఎక్స్ ప్లస్. ఎక్స్‌ను సాధారణంగా వ్యాసంలో రాస్తాం. ఎక్స్50 నుంచి ఎక్స్40కి రమ్మంటే స్లైడు నిజంగా కదిలేది 5 మిల్లీమీటర్లే. ఈ రెండింతల సంగతి చివరి దాకా మన వెంటే వస్తుంది, ముఖ్యంగా సి-అక్షం దగ్గర.

లైవ్ టూలింగ్ (తామే తిరిగే డ్రిల్లులు, కట్టర్లు) ఉంటే స్పిండిలే సి-అక్షం అవుతుంది, అంటే అడిగిన కోణానికి తిరుగుతుంది. ఎదురుగా రెండో స్పిండిల్, అంటే సబ్ స్పిండిల్, ఉంటే దాన్ని ముందుకు వెనక్కు నడిపే అక్షం మరొకటి ఉంటుంది. దాని పేరు మిషన్ తయారీదారు ఇష్టం. ప్రోగ్రామ్‌తో నడిచే టెయిల్‌స్టాక్ (సెంటర్‌ను పట్టుకునేది), స్టెడీ (పొడవాటి జాబ్‌ను మధ్యలో ఆనించేది), బార్ ఫీడర్ (బార్‌ను లోపలికి అందించేది) కూడా లెక్కలోకి వస్తాయి. వీటిని ఒక కాగితం మీద వరుసగా రాసి, ప్రతి పేరు పక్కన మూడు సంగతులు నింపండి: అది ఏ పాత్ (విడిగా నడిచే ప్రోగ్రామ్) కిందకు వస్తుంది, రాపిడ్ వేగం (కోత లేకుండా పరుగెత్తే వేగం) ఎంత, దాన్ని కట్టే విప్పే ఎం కోడ్‌లు (చక్, స్పిండిల్ లాంటివాటిని నడిపే ఆదేశాలు) ఏవి. జి కోడ్‌లు చాలావరకు ఊరంతటికీ ఒకటే. ఎం కోడ్‌లు మాత్రం ఇంటింటికీ మారే పచ్చడి లాంటివి. పక్క షెడ్డులో పనిచేసిన కోడ్ మీ దగ్గర చక్ తెరవవచ్చు. అందుకే ఈ వ్యాసంలో సి-మోడ్, చక్, సింక్రనైజేషన్ ఎం కోడ్‌లకు అంకెలు ఇవ్వడం లేదు. మీ మిషన్ మాన్యువల్‌లోనుంచే తీసుకోండి.

రెండో మెట్టు: జి00, పేరుకే జత

మా సెంటర్‌కు తగిలిన బ్లాకు ఇది (జి00 అంటే రాపిడ్ కదలిక):

జి00 ఎక్స్44. జెడ్2.

టూల్ అప్పటికి ఎక్స్200 జెడ్100 దగ్గర ఉంది. ఒకే బ్లాకులో రెండు అక్షాలు కనిపిస్తున్నాయి కాబట్టి టూల్ తిన్నని గీత మీద వస్తుందనుకుంటాం. ఫానక్‌లో అది 1401వ పారామీటర్ (కంట్రోల్ లోపలి సెట్టింగు) 1వ బిట్‌ను బట్టి ఉంటుంది. ఆ బిట్ 1 అయితే రెండు అక్షాలూ కలిసి బయలుదేరి కలిసి ఆగుతాయి. 0 అయితే ప్రతి అక్షం తన పూర్తి రాపిడ్ వేగంతో పరుగెత్తి, తన పని ముగియగానే ఆగిపోతుంది. దారి మధ్యలో మోచెయ్యిలా విరుగుతుంది.

అంకెలు వేసి చూడండి. రెండు అక్షాలకూ రాపిడ్ వేగం ఒకటే అనుకుందాం. ఎక్స్ వ్యాసార్ధంలో 100 నుంచి 22కు, అంటే 78 మి.మీ. నడవాలి. జెడ్ 98 మి.మీ. నడవాలి. విడిగా నడిచే మిషన్‌లో మొదటి 78 మి.మీ. రెండూ సమానంగా వస్తాయి. అక్కడ ఎక్స్ ఆగిపోతుంది, అప్పటికి జెడ్ 22 దగ్గర ఉంటుంది. మిగిలిన 20 మి.మీ. టూల్ షాఫ్టుకు సమాంతరంగా దూసుకొస్తుంది. మా రివాల్వింగ్ సెంటర్ ఒళ్లు 60 మి.మీ. వ్యాసం, షాఫ్టు ముఖం నుంచి 15 మి.మీ. దూరంలో మొదలవుతుంది. అంటే జెడ్15 అవతల ఎక్కడైనా టూల్ మొన మధ్య గీతకు 30 మి.మీ. లోపలికి వస్తే తగులుతుంది. ఈ దారిలో జెడ్30 దగ్గరే వచ్చేసింది.

మరి జతగా నడిచే మిషన్‌లో? తిన్నని గీత మీద జెడ్15 దగ్గర మొన మధ్య గీతకు సుమారు 32.3 మి.మీ. దూరంలో ఉంటుంది. అంటే నలభై షాఫ్టులూ రెండు మిల్లీమీటర్ల సందులోంచి బతికి బయటపడ్డాయి. నేను బాగా రాశానని కాదు, ఆ మిషన్ నా తప్పును కాసింది.

మందు తేలికే. సెంటర్ ఉన్న పనిలో లోపలికి వచ్చేటప్పుడు జెడ్ ముందు, ఎక్స్ తరువాత. బయటికి వెళ్లేటప్పుడు ఎక్స్ ముందు, జెడ్ తరువాత.

జి00 జెడ్2.
జి00 ఎక్స్44.

ఒక బ్లాకు పెరిగితే పెరిగింది. రాపిడ్‌లో రెండు అక్షాలను కలిపి రాసి ఆదా చేసే అర సెకను కోసం సెంటర్ బేరింగులు కొనుక్కోవడం నాకు ఇష్టం లేదు. ఆ బిట్‌ను మార్చేస్తే పోలేదా అని అడుగుతారు. ఆ మిషన్‌లో అప్పటికే ఉన్న ప్రోగ్రామ్‌లు పాత దారిని నమ్ముకుని రాసినవి కావచ్చు, కాబట్టి నేను పారామీటర్ జోలికి పోను. ప్రోగ్రామ్‌నే ఏ మిషన్‌లోనైనా నిలిచేలా రాస్తాను.

మూడో మెట్టు: జి01, జి02, జి03, అసలైన జోడు

కోతకు దిగగానే, అంటే తిన్నని కోతకు జి01, వంపు కోతకు జి02, జి03 రాయగానే, కంట్రోల్ కాడి కడుతుంది. ఎక్స్40 జెడ్0 నుంచి ఎక్స్50 జెడ్-50కి టేపర్ (వాలు) తీయమంటే, జెడ్ 50 నడిచే లోపు ఎక్స్ 5 నడవాలి, అదీ అడుగడుగునా అదే నిష్పత్తిలో. చేతి లేత్ మీద ఇదే పనికి కాంపౌండ్ స్లైడ్ తిప్పుకుని, చేత్తో నెమ్మదిగా నడుపుకునేవాళ్లం. ఇక్కడ మనం ఇచ్చే ఫీడ్ (కోసుకుంటూ సాగే వేగం) ఏ ఒక్క అక్షానిదీ కాదు, టూల్ నడిచే గీతది. దాన్ని అక్షాలకు పంచడం కంట్రోల్ పని.

ఈ జోడులో దాక్కునే దొంగ నోస్ రేడియస్, అంటే ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోత ముక్క) మొన గుండ్రదనం. ఎక్స్ ఒక్కటే, లేదా జెడ్ ఒక్కటే నడిచినంతసేపు ఇన్సర్ట్ గుండ్రటి మొన వల్ల కొలతకు నష్టం ఉండదు. రెండూ కలిసి నడవగానే బయటపడుతుంది. 0.8 నోస్ రేడియస్ ఉన్న ఇన్సర్ట్‌తో, కాంపెన్సేషన్ (ఆ గుండ్రదనాన్ని కంట్రోల్ సర్దే లెక్క) లేకుండా, 1 మి.మీ. 45 డిగ్రీల చాంఫర్ (అంచు వాలు) తీసి కొలవండి. సుమారు 0.53 మాత్రమే వస్తుంది. ఆపరేటర్లు దీన్ని చూసి ఆఫ్‌సెట్ (టూల్ కొలత సవరణ) మార్చుతారు. చాంఫర్ సరిపోతుంది, వ్యాసం పోతుంది. ఆఫ్‌సెట్ పేజీలో నోస్ రేడియస్, టూల్ మొన దిశ నింపి, బయటి కోతకు జి42, లోపలి బోరుకు జి41 పెట్టండి (చక్ వైపుగా కోస్తున్నప్పటి సంగతి ఇది). కాంపెన్సేషన్‌ను జాబ్‌ను తాకకముందే, నోస్ రేడియస్ కంటే పెద్ద కదలికతో మొదలుపెట్టాలి. విప్పేటప్పుడూ అంతే, గాలిలోకి వచ్చాకే జి40.

నాలుగో మెట్టు: స్పిండిల్‌ను ఎక్స్‌తో కట్టే జి96

చాలామంది దీన్ని జంటగా గుర్తించరు, ఎందుకంటే ఇక్కడ కట్టేది దారిని కాదు, వేగాన్ని. జి96 ఎస్180 అంటే టూల్ మొన దగ్గర నిమిషానికి 180 మీటర్ల కోత వేగం నిలపమని. వ్యాసం 100 దగ్గర స్పిండిల్ 573 ఆర్‌పీఎం తిరుగుతుంది, 40 దగ్గర 1432, 10 దగ్గర 5730. ఫేసింగ్‌లో (జాబ్ ముఖం కోసేటప్పుడు) టూల్ ఎక్స్0 వైపు వెళుతున్నకొద్దీ స్పిండిల్ ఇంకా ఇంకా పరుగెత్తాలని చూస్తుంది. పగ్గం జి50:

జి50 ఎస్2000
జి96 ఎస్180 ఎం03

ఈ పగ్గంతో వ్యాసం 28.6 కంటే తగ్గాక స్పిండిల్ 2000 దగ్గరే నిలిచిపోతుంది. ఆటోనగర్‌లో నాలుగు దవడల చక్‌లో వంకర కాస్టింగులు బిగించి కోయడం రోజూ ఉన్నదే. అలాంటి పనికి 2000 కూడా ఎక్కువే. 500, 600 దగ్గర కట్టేయండి. జి50 లేని జి96 బ్లాకు మా షెడ్డులో ఎవరి ప్రోగ్రామ్‌లో కనిపించినా ఆ రోజు టీ ఖర్చు వాళ్లదే.

ఒక చిక్కు మరిచిపోవద్దు. టూల్ మార్చుకోవడానికి ఎక్స్200కు వెళితే జి96 అక్కడి వ్యాసానికి తగ్గట్టు వేగం దించాలని చూస్తుంది, తిరిగి వస్తే పెంచాలని చూస్తుంది. చిన్న జాబ్‌ల వరుసలో ఈ ఊగిసలాటకే బోలెడు సమయం పోతుంది. డ్రిల్లు, ట్యాపు, థ్రెడ్ పనులకు ముందు జి97తో (ఆర్‌పీఎంను ఒకేచోట నిలిపేది) ఈ కాడి దించాలి.

ఐదో మెట్టు: స్పిండిల్‌తో జెడ్‌ను కట్టే థ్రెడింగ్

చేతి లేత్ మీద థ్రెడ్ (మర) కోసినవాళ్లకు ఈ జంట కంటికి కనిపించేది. స్పిండిల్ నుంచి ఛేంజ్ గేర్లు, అక్కడి నుంచి లీడ్ స్క్రూ, దాని మీద హాఫ్ నట్. గేరు తప్పితే పిచ్ (మర చుట్ల మధ్య దూరం) తప్పేది. సీఎన్‌సీలో ఆ గేర్ల పెట్టె స్థానంలో స్పిండిల్‌కు తగిలించిన ఎన్‌కోడర్ (తిరుగుడును కొలిచే పరికరం) కూర్చుంది. అది చుట్టుకొకసారి ఒక గుర్తు పంపుతుంది. థ్రెడ్ ప్రతి కోతా ఆ గుర్తు దగ్గరే బయలుదేరుతుంది కాబట్టే అయిదుసార్లు కోసినా టూల్ అదే గాడిలో పడుతుంది.

20 మి.మీ. వ్యాసం, 1.5 పిచ్ మర కోయాలనుకోండి. లోతు పిచ్‌కు 0.613 రెట్లు, అంటే పక్కకు 0.92, అడుగు వ్యాసం 18.16. మర కోసే ఆదేశం జి92.

జి97 ఎస్800 ఎం03
జి00 జెడ్6.
జి00 ఎక్స్24.
జి92 ఎక్స్19.4 జెడ్-22. ఎఫ్1.5
ఎక్స్18.9
ఎక్స్18.5
ఎక్స్18.3
ఎక్స్18.16
జి00 ఎక్స్100.

జెడ్6 ఎందుకు, జెడ్2 చాలదా? చాలదు. జెడ్ నిలుచున్న చోటు నుంచి స్పిండిల్‌తో అడుగు కలపడానికి కొంత దూరం పడుతుంది. ఆ దూరంలో పిచ్ సరిగ్గా ఉండదు. కంట్రోల్ మాన్యువల్‌లో ఉండే మోటు లెక్క నాకు ఎప్పుడూ సరిపోయింది: పిచ్‌ను ఆర్‌పీఎంతో గుణించి 1800తో భాగించండి. వచ్చింది చివరలో వదలాల్సిన కనీస దూరం. దానికి సుమారు 3.6 రెట్లు మొదట వదలాల్సింది. మన లెక్కలో 0.67, 2.4. నేను ఇంకాస్త ఎక్కువే వదులుతాను. చివర అండర్‌కట్ గాడి ఆ 0.67 కంటే వెడల్పుగా ఉందో లేదో డ్రాయింగులోనే చూసుకోండి.

ఇప్పుడు అసలు మెలిక. ఇదే మరను ఎస్1000తో కోస్తున్నామనుకోండి. థ్రెడ్ మధ్యలో అరుపు వినిపించి కుర్రాడు స్పిండిల్ ఓవర్‌రైడ్ నాబ్‌ను 80 శాతానికి తిప్పాడనుకోండి, మిషన్ దాన్ని ఆమోదించిందనుకోండి. ఆర్‌పీఎం మారితే జెడ్ వెనకబాటు కూడా మారుతుంది. ఆ లెక్క ప్రకారమే 1000 దగ్గర వెనకబాటు 0.83 మి.మీ., 800 దగ్గర 0.67. తేడా 0.16. రఫ్ కోతలు ఒక వేగంలో, ఫినిష్ కోత ఇంకో వేగంలో తీస్తే గాడి ఒక పక్కకు 0.16 జరిగి వెడల్పు అవుతుంది. గేజ్ వదులుగా పోతుంది. టూల్ మొన, ఇన్సర్ట్, ఆఫ్‌సెట్, అన్నీ బాగానే ఉంటాయి. మధ్యాహ్నం దాకా వెతికినా దొరకదు. కొత్త మిషన్‌లలో ఈ తేడా తక్కువగా ఉంటుంది కానీ సున్నా కాదు. మొదటి కోత నుంచి చివరి కోత దాకా ఒకే ఆర్‌పీఎం, ఒకే మొదలు జెడ్. అరుపు వస్తే ఆ జాబ్ పూర్తయ్యాక ప్రోగ్రామ్‌లోనే ఎస్ మార్చండి.

ఫీడ్ హోల్డ్ కూడా ఇక్కడ వెంటనే మాట వినదు. చాలా మిషన్లు ఆ కోత పూర్తి చేశాకే ఆగుతాయి. నొక్కినా ఆగలేదని భయపడి ఎమర్జెన్సీ నొక్కితే టూల్ గాడిలోనే ఉండిపోతుంది.

రెండు మొదళ్ల మర కావాలంటే ఎఫ్‌లో పిచ్ కాదు, లీడ్ (ఒక చుట్టుకు జెడ్ నడిచే దూరం) రాయాలి. పిచ్ 2 అయితే ఎఫ్4. రెండో మొదలుకు క్యూ180000 చేరిస్తే 180 డిగ్రీలు జరిగి బయలుదేరుతుంది. క్యూ అంకె డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటుంది కనుక అన్ని సున్నాలు.

ట్యాపింగ్‌లో (రంధ్రం లోపల మర కోసేటప్పుడు) జి84కు ముందు ఎం29 పెడితే ఇదే జంట ఇంకా గట్టిపడుతుంది. స్పిండిల్ వెనక్కు తిరిగితే జెడ్ కూడా అంతే లెక్కగా వెనక్కు వస్తుంది. అందుకే దానికి తేలియాడే హోల్డర్ అక్కర్లేదు.

ఆరో మెట్టు: స్పిండిలే అక్షమైనప్పుడు

సి-మోడ్‌లోకి వెళ్లాక రెండు రకాల పనులున్నాయి, వాటిని కలగాపులగం చేయకూడదు. ఫ్లాంజ్ మీద ఆరు బోల్టు రంధ్రాలు కావాలంటే సి విడిగా నడిస్తే చాలు: సి0, ఆగు, రంధ్రం, సి60, ఆగు, రంధ్రం. తిరగడమూ కోయడమూ ఒకేసారి జరగవు. ప్రతి రంధ్రానికీ స్పిండిల్ బ్రేకు వేయడం మాత్రం మానకండి.

షాఫ్టు చివర నలుచదరం తీయాలంటే ఎక్స్, సి కాడి కట్టాలి. దానికి జి112. ఇక్కడ కంట్రోల్ మనకు ఒక మాయ చూపిస్తుంది: చక్ తిరగడం లేదు, ముఖం మీద గళ్ల కాగితం అతికించి ఉంది, ఒక గీత పేరు ఎక్స్, దానికి అడ్డగీత పేరు సి. మనం ఆ కాగితం మీద బొమ్మ గీస్తాం, చక్‌ను తిప్పడం, స్లైడును నడపడం అది చూసుకుంటుంది.

45 మి.మీ. షాఫ్టు చివర 30 నలుచదరం, 12 మి.మీ. ఎండ్‌మిల్‌తో, 8 మి.మీ. లోతు. ఎండ్‌మిల్ తిరుగుతోంది, సి-మోడ్ వేశాం అనుకోండి.

జి98
జి28 హెచ్0
జి00 ఎక్స్80. సి0
జి00 జెడ్-8.
జి112
జి01 జి42 ఎక్స్30. ఎఫ్120
సి15.
ఎక్స్-30.
సి-15.
ఎక్స్30.
సి0
జి40 ఎక్స్80.
జి113

ఎక్స్30, సి15 రెండూ మధ్య నుంచి 15 మి.మీ. దూరమే. ఎక్స్ వ్యాసంలో, సి వ్యాసార్ధంలో. సి పేరు చూసి డిగ్రీలనుకుంటారు కొందరు. జి112 లోపల సి మిల్లీమీటర్లు, జి113 తరువాత మళ్లీ డిగ్రీలు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఒకసారైనా ఇక్కడ సి30 రాసి, చదరానికి బదులు రెండు పక్కలే చదునైన కొస తీసి చూపించారు. ఇలాంటి ప్రోగ్రామ్‌ను మొదటిసారి నైలాన్ ముక్క మీద కోయించడం నా అలవాటు.

నాలుగు నియమాలు. జి112 లోపల జి00 వాడకూడదు. కట్టర్ కాంపెన్సేషన్ లోపలే పెట్టి లోపలే తీయాలి. ఫీడ్ నిమిషానికి మిల్లీమీటర్లలో ఉండాలి, అందుకే మొదట జి98. మధ్య బిందువు మీదుగా గీత పోనివ్వకండి. ఎఫ్120తో 20 మి.మీ. వ్యాసార్ధంలో చక్ నిమిషానికి ఒక చుట్టు కూడా తిరగదు, 1 మి.మీ. దగ్గర 19 చుట్లు, 0.1 దగ్గర 191 చుట్లు తిరగాలి. అప్పుడు మిషన్ ఫీడ్ తగ్గిస్తుంది, లేదా అలారం ఇస్తుంది. సిలిండర్ ఒంటి మీద నూనె గాడి చుట్టాలంటే జి107 ఉంది. దాని కథ ఇలాంటిదే, కాగితాన్ని ముఖం మీద కాక ఒంటి చుట్టూ అంటించినట్టు.

ఏడో మెట్టు: రెండు టర్రెట్లు, రెండు స్పిండిళ్లు

ఇక్కడికి వచ్చేసరికి ప్రోగ్రామ్‌లే రెండవుతాయి. మొదటి పాత్‌లో పై టర్రెట్ (టూళ్లు బిగించి ఉండే తిరుగుడు బుర్ర), రెండో పాత్‌లో కింది టర్రెట్, ఎవరి పని వాళ్లది. వాళ్లు కలుసుకోవాల్సిన చోట రెండు ప్రోగ్రామ్‌లలోనూ ఒకే వెయిటింగ్ ఎం కోడ్ రాయాలి. ముందు వచ్చినవాడు రెండోవాడు వచ్చేదాకా అక్కడే నిలబడతాడు. ఒకదాంట్లో రాసి రెండోదాంట్లో మరిచిపోతే మిషన్ ఏ అలారం లేకుండా నిలబడిపోతుంది. కొత్తవాళ్లు కరెంటు పోయిందేమోనని చూస్తారు. ప్రతి కలయికకూ వేరే అంకె వాడండి, ఏ మలుపు దగ్గర ఆగిందో స్క్రీన్ చూడగానే తెలుస్తుంది.

టర్రెట్లు రెండూ ఒకే జాబ్‌ను కోస్తుంటే స్పిండిల్ మాత్రం ఒకటే. ఇదే ఎక్కువమంది మరిచిపోయే కాడి. పై టర్రెట్ జి96 ఎస్180తో ఫేసింగ్ చేస్తుంటే, కింది టర్రెట్ 20 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) డ్రిల్‌తో మధ్యలో రంధ్రం వేస్తోందనుకోండి. పై టూల్ వ్యాసం 100 నుంచి 40కి రాగానే స్పిండిల్ 573 నుంచి 1432కు పెరుగుతుంది. డ్రిల్ కోత వేగం నిమిషానికి 36 మీటర్ల నుంచి 90కి పోతుంది. డ్రిల్ కొస నీలం తిరుగుతుంది. డ్రిల్ పాత్‌లో తప్పేమీ కనిపించదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. రెండు పాత్‌లు ఒకే స్పిండిల్ మీద కోస్తున్నంతసేపు జి97, ఎవరికి తక్కువ వేగం కావాలో ఆ వేగం.

జాబ్‌ను మెయిన్ స్పిండిల్ నుంచి సబ్ స్పిండిల్‌కు అప్పగించే వరుస మాత్రం వేలు పెట్టి చదవాల్సింది. ముందు రెండు స్పిండిళ్ల వేగం కలపాలి. గుండ్రటి బార్ అయితే అది చాలు. షట్కోణ బార్ అయినా, సి-అక్షం పని ముగించుకుని వచ్చిన జాబ్ అయినా కోణం కూడా కలపాలి. కలిసినట్టు సంకేతం వచ్చాకే సబ్ స్పిండిల్ ముందుకు రావాలి. చివరి కొద్ది మిల్లీమీటర్లు నెమ్మదిగా. టార్క్ పరిమితితో ఆపే సౌకర్యం ఉంటే, ఫానక్‌లో జి31 పి99 లేదా పి98, జాబ్ పొడవులో చిన్న తేడాలను అది సర్దుకుంటుంది. తరువాత సబ్ చక్ బిగించు, బిగిసిందని నిర్ధారించుకో, అప్పుడు మెయిన్ చక్ వదులు లేదా కట్-ఆఫ్ చెయ్యి. రెండు చక్‌లూ ఒకే జాబ్‌ను పట్టుకున్న ఆ కొద్ది క్షణాల్లో సింక్రనైజేషన్ దించితే సన్నటి జాబ్ మెలితిరుగుతుంది, లావు జాబ్ దవడల్లో గీతలు పడుతుంది. సబ్ స్పిండిల్ వెనక్కు వెళ్లిపోయాకే ఆ కాడి దించండి.

ఎనిమిదో మెట్టు: ఎవరికీ కట్టని అక్షాలు

టెయిల్‌స్టాక్, పార్ట్ క్యాచర్, స్టెడీ లాంటివి కోత గీతలో పాలుపంచుకోవు. వాటి కోసం కోత ఆగడం దండగ. సీమెన్స్ కంట్రోల్‌లో ఈ తేడాను భాషలోనే పెట్టారు. పీ-ఓ-ఎస్ అని రాస్తే ఆ అక్షం తన వేగంతో తాను వెళుతుంది, కానీ అది చేరేదాకా తరువాతి బ్లాకు మొదలుకాదు. పీ-ఓ-ఎస్-ఏ అని రాస్తే బయలుదేరదీసి, ప్రోగ్రామ్ ముందుకు సాగిపోతుంది. టెయిల్‌స్టాక్ పేరు క్యూ అనుకుంటే:

పీఓఎస్ఏ[క్యూ]=300 ఎఫ్ఏ[క్యూ]=2000
జి0 జెడ్5
జి0 ఎక్స్60
వెయిట్‌పీ(క్యూ)
జి1 జెడ్-120 ఎఫ్0.25

మూడో అక్షం వస్తుండగానే టూల్ తన చోటికి చేరింది. వెయిట్‌పీ దగ్గర ఇద్దరూ కలిశారు, ఆ తరువాతే కోత. ఆ ఒక్క వరుస మరిచిపోతే సెంటర్ ఆనకముందే 120 మి.మీ. షాఫ్టు మీద టూల్ పడుతుంది. నా లెక్కలో పీ-ఓ-ఎస్-ఏ రాసిన వేలితోనే, ఇంకే పనీ చేయకముందే, కింద వెయిట్‌పీ రాసేయాలి. మధ్యలోవి తరువాత నింపుకోవచ్చు.

టూల్ వెంటే నడవాల్సిన స్టెడీకి ఇదే కంట్రోల్‌లో ట్రెయిల్‌ఆన్ ఉంది: వెనక నడిచే అక్షం, ముందు నడిచే అక్షం, నిష్పత్తి చెబితే జెడ్ ఎటు పోతే అది అటు పోతుంది. ట్రెయిల్‌ఆఫ్ చెప్పేదాకా వదలదు. టూల్ రాపిడ్‌లో ఇంటికి వెళ్లినా వెంటపడుతుంది, జాగ్రత్త.

తొమ్మిదో మెట్టు: గాలిలో ఒకసారి, జాబ్ మీద ఒకసారి

జెడ్ వర్క్ ఆఫ్‌సెట్‌ను 100 మి.మీ. బయటికి జరిపి, రాపిడ్ ఓవర్‌రైడ్ 25 శాతంలో, సింగిల్ బ్లాకులో (ఒక్కో వరుస దగ్గర ఆగుతూ) మొత్తం నడిపించండి. టెయిల్‌స్టాక్ ఉన్న పనికి అంత చోటు ఉండదు కాబట్టి సెంటర్ తీసేసి నడిపి, తరువాత సెంటర్ దగ్గరికి వచ్చే బ్లాకులను మాత్రం చేత్తో కొలిచి చూడండి. ప్రతి బ్లాకు దగ్గర స్క్రీన్ మీద మిగిలిన దూరం చూపే అంకెలు గమనించండి. రెండు అక్షాల అంకెలూ ఒకేసారి సున్నా అయితే అది జత. ఒకటి ముందు సున్నా అయితే విడి. మా కుర్రాడికి ఆ రోజు సెంటర్ తీసేసి ఇదే చూపించాను. ఎక్స్ సున్నాకు వచ్చి నిలబడింది, జెడ్ ఇంకా 20 చూపిస్తోంది. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

మిషన్ లాక్ వేసి పరీక్షించారా? లాక్ తీశాక స్క్రీన్ మీది స్థానానికీ అసలు స్థానానికీ పొంతన ఉండకపోవచ్చు. రిఫరెన్స్‌కు పంపాకే మళ్లీ మొదలుపెట్టండి.

మొదటి జాబ్ కొలిచే తొందర మే నెలలో వద్దు. మా షెడ్డు రేకుల కింద అన్నీ వేడే, పైగా కోత వేడి. 50 మి.మీ. స్టీలు షాఫ్టు 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే వ్యాసం దాదాపు 0.017 మి.మీ. పెరిగి కనిపిస్తుంది. దాన్ని చూసి ఆఫ్‌సెట్ తగ్గిస్తే, సాయంత్రం బేరింగు వదులుగా కూర్చుంటుంది.

పదో మెట్టు: కరెంటు పోతే

జతలన్నీ ఒక్కసారిగా తెగే సందర్భం ఇది. కరెంటు రాగానే సైకిల్ స్టార్ట్ నొక్కకండి. థ్రెడ్ మధ్యలో పోయి ఉంటే టూల్‌ను జెడ్ దిశలో అసలు కదపకుండా ఎక్స్‌లో మాత్రమే బయటికి తీయండి. జాబ్‌ను చక్‌లోంచి కదపలేదు కదా? అయితే ఆ థ్రెడ్ బతికే ఉంది. స్పిండిల్ గుర్తు జాబ్‌తోపాటు అక్కడే ఉంది. రిఫరెన్స్ చూసుకుని, అదే ఆర్‌పీఎం, అదే మొదలు జెడ్‌తో, ఎక్స్ కొద్దిగా పైన పెట్టి నడిపితే టూల్ పాత గాడి మీదుగానే పోతుంది. చక్ తెరిచి జాబ్‌ను మళ్లీ బిగించారంటే గాడి దొరకదు.

రెండు పాత్‌ల మిషన్ అయితే రెండు ప్రోగ్రామ్‌లనూ ఒకే వెయిటింగ్ కోడ్ దగ్గరికి తెచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒకదాన్ని మాత్రం మధ్య నుంచి నడిపించడం తలుపు తెరవకుండా గోడలోంచి వెళ్లాలనుకోవడమే.

ట్యాప్ రంధ్రంలో ఇరుక్కుపోతే కొన్ని కంట్రోళ్లలో దాన్ని వెనక్కు తెచ్చే సౌకర్యం ఉంటుంది. లేకపోతే జెడ్‌ను జాగ్‌లో (బటన్ నొక్కి) లాగకండి, ట్యాప్ విరుగుతుంది. జాబ్ చేత్తో మోయగలిగినంత బరువే అయితే కింద చెక్క ముక్క ఆనించి, చక్ తెరిచి, ట్యాప్‌కు వేలాడుతున్న జాబ్‌తో సహా టర్రెట్‌ను నెమ్మదిగా వెనక్కు తీసుకురండి. చక్ నుంచి పూర్తిగా బయటికి వచ్చాక జాబ్‌ను చేత్తో ఎడమకు తిప్పుతూ ట్యాప్ మీది నుంచి విప్పుకోండి.